ఇరవై నాలుగో మట్టిగడ్డ

ముత్తక్క గుడిసె చూరు కింద, గోడకు చేసిన అరుగు మీద ఇరవై మూడు మట్టిగడ్డలు వరసగా ఉన్నాయి. ఉదయం తొమ్మిదింటికి నేను వెళ్లేసరికి ఆమె వాటి మీద దుమ్ము తుడుస్తోంది. కొన్ని ఎర్రవి, కొన్ని పసుపు కలిసినవి, ఒకటి సున్నపురాయిలా తెల్లది. వరస చివర ఒక జానెడు చోటు ఖాళీగా ఉంది. ఆమె దాన్నీ తుడిచింది.

"అడుగు మట్టి సారూ," అంది నా చూపు గమనించి. "గుంత తవ్వితే, నీళ్లు గుంజే మట్టి తగిలినంక మావోడు ఒక గడ్డ నడుముకు కట్టుకొని తెస్తడు. ఇంట్ల పెడ్తం. అది వస్తేనే పని అయినట్టు. మా మామ గూడ గట్లనే తెచ్చేటోడు."

"ఎప్పుడైనా తేకుండా వచ్చాడా?"

"జ్వరం తోటి వచ్చిండు. తాగి వచ్చిండు. ఒకపారి తేలు కుట్టించుకొని వచ్చిండు. గడ్డ తేకుంట రాలె."

"వెంకటప్పయ్య గారింటి గుంతది?"

"అది వస్తే ఇరవై నాలుగు."

వస్తే అంది. రెండేళ్లయింది.

ఆమె భర్త బొజ్జయ్య ఈ తునికిలపాడు చుట్టుపక్కల గుంతలు తవ్వడంలో పేరున్నవాడు. ఎనభై ఏడు జూన్‌లో, ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వెంకటప్పయ్య అనే రైతు ఇంట్లో సెప్టిక్ ట్యాంకుకు ఇంకుడు గుంత తవ్వడానికి వెళ్లాడు. మళ్లీ కనిపించలేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ ఫైలులో సంగతి నాలుగు వాక్యాల్లో తేలిపోయింది. జూన్ అయిదు, శుక్రవారం సాయంత్రం బొజ్జయ్య పని సగంలో వదిలేశాడు. ఆరు గంటల పది నిమిషాలకు భద్రాచలం బస్సెక్కాడని కండక్టర్ దూలయ్య సాక్ష్యం. అడవిలో అన్నలతో కలిసి ఉంటాడని అనుమానం. పదకొండో తారీఖు, గురువారం ముత్తక్క ఫిర్యాదు ఇచ్చేదాకా తను ఆ ఇంటి గడప తొక్కలేదని సి.ఐ. డైరీలో రాసుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి సోమవారం ఆమె భద్రాచలం వెళ్లి సబ్ కలెక్టరు ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. చివరికి ఆయన విసిగి రాశాడో, కరిగి రాశాడో గాని, ఖమ్మం క్రైమ్ బ్రాంచి నుంచి నన్ను పంపారు.

"శుక్రవారం రాత్రి ఎక్కడున్నాడు?" అని అడిగాను.

"ఈడనే. జావ తాగిండు, పన్నడు. శనారం కోడి కూసినంక పోయిండు. ఇయ్యాల మొరం తగుల్తది ముత్తా అన్నడు. సి.ఐ. సారుకు చెప్పిన. పెండ్లాం మాట సాక్ష్యం గాదన్నడు."

"ఆయన బతికే ఉన్నాడనుకుంటున్నావా?"

ఆమె గుడ్డ మడిచి గోడ మేకుకు తగిలించింది. "మా పెద్దలు వాని పేర రాయి పాతనియ్యరు సారూ. మనిషి పోయిండని తేలాలె గద. రాయి లేకుంటే వాడు పోయిన మా వాళ్లల్ల కలువడు. ఇటు నా తోటి లేడు, అటు వాళ్ల తోటి లేడు. బతికుంటే బతికున్నడని చెప్పు. లేకుంటే రాయన్న పాతుకోనియ్యి."

నేను తల ఊపాను. ఎదురుచూసేవాళ్ల ముఖాల్లో ఒక రకమైన శుభ్రత ఉంటుంది. ఎవరో వచ్చేలోగా సర్ది పెట్టుకున్న గదిలాగా. ఖమ్మంలో నా ఇంట్లో కూడా అలాంటి గది ఒకటుంది. నా భార్య నిర్మల వెళ్లి ఆరేళ్లయింది. దిండు గలేబు నెలకోసారి ఉతుకుతాను.

బయటికి వస్తుంటే ముత్తక్క వెనక నుంచి అంది: "మేం నల్ల నేల మీద ఇల్లు కట్టం సారూ. ఎర్రగడ్డ మీదనే కడ్తం. నల్ల నేల అన్నం పెడ్తది గని నిలవడనియ్యది. ఆళ్లకు చెప్పిండు మావోడు. ఇనలె."

*

వెంకటప్పయ్య ఇల్లు మంచి రేగడి నడుమ ఉంది. గోడల మీద కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకాయి. ప్రతి పగులుకూ సిమెంటు పూత, పూత మీద మళ్లీ పగులు. పదిన్నరకు వెళ్తే ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. పంచె తెల్లగా ఉంది, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి.

"మాది బాపట్ల దగ్గరండి," అన్నాడు. "ఇసకపర్ర. అక్కడ బిందెడు నీళ్లు పోస్తే, బిందె కింద పెట్టేలోగా ఇంకిపోతాయి. ఆరడుగుల గుంతంటే తరతరాలకి చాలు. ఇక్కడా అంతే తవ్వించానండి మొదట. వానాకాలం వస్తే స్నానాలగది నీళ్లన్నీ పైకి తన్నుకొచ్చేవి."

"అందుకని రెండోది."

"అవునండి. అదీ ఆరడుగులే అన్నాను. శుక్రవారం సాయంత్రం నేనే టేపు పెట్టి కొలిచాను. ఆరంటే ఆరు. వాడు ఇంకా కిందికి పోవాలని గొడవ. నా ఇల్లు, నా గుంత, నీకెందుకురా అన్నాను. అలిగి వెళ్లిపోయాడు. ఆదివారం పెనుబల్లి మేస్త్రీలొచ్చి పైన బండలు పరిచారు."

"మేస్త్రీలు లోతు తవ్వలేదు?"

"వాళ్లెందుకు తవ్వుతారండి."

అదే చెప్పాడు పెనుబల్లిలో మేస్త్రీ పగిడయ్య కూడా నిన్న. గుంత తయారుగానే ఉంది, ఒక పక్క పెళ్ల జారి ఉంటే రాళ్లు పేర్చాం, గట్టున నల్లమట్టి కుప్ప ఒక్కటే ఉంది అన్నాడు.

పోలీసు ఉద్యోగం రాకముందు రెండేళ్లు నేను భూసార పరీక్షా కేంద్రంలో సీసాలు కడిగాను. అక్కడ నేర్చుకున్నది ఒకటే. మట్టిని దాని ఇష్టానికి వదిలేసి గడియారం చూస్తూ కూర్చోవాలి. మనుషులతోనూ నేను చేసేది అదే.

పది యాభైకి పెరట్లో పాత గుంత మూత తీయించి బిందెలతో నీళ్లు పోయించాను. మే నెల ఎండకు నెర్రెలిచ్చిన రేగడి మొదటి నాలుగు బిందెలూ గటగటా తాగేసింది. అయిదో బిందెకు ఆగింది. మట్టి ఉబ్బి తన నోరు తానే మూసుకుంటుంది. పదకొండు ఇరవైకి నీళ్లు ఎక్కడివక్కడే నిలబడి ఆకాశాన్ని చూపిస్తున్నాయి.

కొత్త గుంత మూత తీసి ఇరవై బిందెలు పోశాం. పన్నెండు కాకుండానే చుక్క లేదు.

"ఇది రెండు వానాకాలాల్లో ఒక్కసారైనా పొంగిందా?" అన్నాను.

"లేదండి. బాగానే కుదిరింది." ఆయన గొంతులో గర్వం లాంటిది ఒకటి వచ్చి, సగంలో ఆగింది.

తాడుకు రాయి కట్టి మూతలోంచి వదిలాను. రాయి అడుగు తాకి తాడు సడలిన చోట ముడి వేశాను. పైకి లాగి టేపు పక్కన పరిచాను. పదిన్నర అడుగులు. రాయికి అంటుకున్న మట్టి తడి ఆరుతూ ఇటుక రంగులోకి తిరిగింది. రేగడి కింద నీళ్లు గుంజే ఎర్రమట్టి. మొరం.

వెంకటప్పయ్య టేపును చూడలేదు. నా ముఖం చూశాడు. తర్వాత వంటింటి పక్కకు చూశాడు. ఒక్క క్షణమే. కళ్లు వెనక్కి తెచ్చుకున్నాడు గాని ఆలస్యమైంది.

*

వంటింటి పక్కన మల్లెపాదు ఉంది.

పెరడంతా నెర్రెలే. అరచేయి నిలువుగా దూరేంత వెడల్పు. ఒక నెర్రె పాత గుంత నుంచి బయల్దేరి, బట్టల తీగ కింద నుంచి మెలికలు తిరుగుతూ వచ్చి, మల్లెపాదు అంచున కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అటువైపు నుంచి వచ్చిన ఇంకొకటీ అంతే. పాదులో మట్టి ఎర్రగా, పొడిపొడిగా ఉంది. ఒక్క పగులు లేదు. పొడవు ఆరడుగుల పైన, వెడల్పు మూడు లోపు. దాని మీద మల్లె తెల్లగా విరగబూసింది. ఈ ఊళ్లో రేగడి మీద ఎక్కడా మల్లె బతకగా చూడలేదు నేను. వేరు కుళ్లిపోతుంది.

వెంకటప్పయ్య భార్య పద్మావతమ్మ దోసిలి చాపి మొగ్గలు కోస్తోంది. మనిషి సన్నగా, ఎండకు వాడిన కాగితంలా ఉంది.

"ఎంత బాగా పట్టిందమ్మా," అన్నాను.

ఆమె ముఖం విచ్చుకుంది. అలా ఎవరూ అనక చాలా రోజులై ఉండాలి. "మా పుట్టిల్లు నూజివీడు పక్కనండి. ఎర్రనేల. మా అమ్మ పెరట్లో కొమ్మలు విరిచి గుచ్చినా బతికేవి. ఇక్కడికొచ్చాక ఎనిమిది మొక్కలు పెట్టాను. ఎనిమిదీ చచ్చాయి. కాస్త ఎర్రమట్టి తోలించండని పన్నెండేళ్లు అడిగాను ఈయన్ని. ఊఁ అనేవారు, అంతే."

"మరి?"

"ఒకసారి అమ్మకి బాగోలేదంటే వెళ్లి నాలుగు రోజులుండి వచ్చాను. బస్సు దిగి ఇంటికొస్తే పాదు తయారుగా ఉంది. మట్టి నింపి, చదును చేసి, నీళ్లు చల్లి." దోసిట్లో మొగ్గలకేసి చూసుకుంది. "నేనేమీ అనలేదండి. అంటే సిగ్గుపడతారని. ఈయన మనిషి కఠినం. మాట రాదు. కానీ గుర్తుంది చూడండి, మనసులో ఎక్కడో."

"ఏ రోజు వచ్చారమ్మా మీరు?"

"ఆదివారం. మేస్త్రీలు గుంత మీద బండలు పరుస్తున్నారు."

ఈ ఉద్యోగంలో అబద్ధాలు విప్పడం నాకు కష్టం కాదు. ఎవరో నిజమని నమ్మి, దాని మీద రోజూ నీళ్లు పోసి పెంచుకున్నదాన్ని వేళ్లతో సహా పెకలించడం కష్టం. నిర్మల తూర్పు గోడకు కిటికీ పెట్టించమని అడిగేది. నేనూ ఊఁ అనేవాణ్ణి. ఆమె వెళ్లిన నెలకు పెట్టించాను. ఆ కిటికీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

*

పన్నెండున్నరకు గేటు ముందు జీపు ఆగింది. సి.ఐ. వెంకటనారాయణ దిగాడు, వెనక కానిస్టేబుల్ పోతయ్య. ఎవరు కబురు పెట్టారో చూడటానికి నేను తల తిప్పలేదు. వసారాలో వెంకటప్పయ్య కుర్చీ ఖాళీగా ఉంది.

"ఏంది చెంచురామయ్య గారూ," అన్నాడు సి.ఐ. నవ్వుతూ. "ఖమ్మం నుంచి వచ్చి పెద్దమనిషి కక్కసు గుంతల తాడు వేసి చూస్తున్నరట. ఏమన్న దొరికిందా?"

"నాలుగున్నర అడుగులు దొరికాయి."

"అంటే?"

"శుక్రవారం సాయంత్రం ఆరడుగులు. ఇప్పుడు పదిన్నర. మొరంలో నాలుగున్నర అడుగులు దిగాలంటే ఒక మనిషికి పూర్తిగా ఒక పగలు పడుతుంది. మేస్త్రీలు తవ్వలేదు. ఈ ఊళ్లో రేగడి కింద మొరం ఉందని తెలిసి, దానికోసం యజమానితో గొడవపడ్డవాడు ఒక్కడే. శుక్రవారం ఆరుంబావుకు భద్రాచలం బస్సులో ఉన్న మనిషి, శనివారం ఇక్కడ గుంతలో ఎలా ఉన్నాడు?"

"మట్టి వచ్చి కోర్టుల బోనెక్కుతదా? కండక్టర్ ఎక్కిండు."

"కండక్టర్‌ని మళ్లీ ఎక్కిద్దాం. ఆ మొరమంతా ఎక్కడికి పోయిందో కూడా అడుగుదాం. ఆదివారం గట్టు మీద నల్లకుప్ప ఒక్కటే ఉంది." మల్లెపాదు వైపు చూపించాను. "మీరు కూడా చూడండి. నెర్రెలు అక్కడికి వచ్చి ఆగిపోతున్నాయి."

అతడు చూడలేదు. నవ్వు మాత్రం కాస్త చిన్నదైంది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎందుకయ్యా ఇదంత? అన్నల్ల కలిసినోని కోసం."

"కలిశాడో లేదో నాకు తెలియదు. ఈ ఇల్లూ, చుట్టూ ఎనిమిదెకరాలూ బొజ్జయ్య పేరున ఉన్నాయని మాత్రం తెలుసు. ఏజెన్సీలో గిరిజనులు కాని మనబోటి వాళ్ల పేరున భూమి రాయరు కదా. గిరిజనుడి పేరున రాయించి, దున్నుకునేది వీరు. పక్కన నాలుగెకరాలూ అతని పేరునే. దున్నేది మీ బావమరిది. బొజ్జయ్య చనిపోతే భూమంతా ముత్తక్కకు పోతుంది. ఉత్తగా కనిపించకుండా పోతే ఎవరికీ పోదు."

సి.ఐ. పోతయ్యకు వినపడేట్టు గట్టిగా అన్నాడు: "మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండ ఈ పెరట్ల ఒక్క పార ఏసినా, మీ మీద కేసు పెడ్త. ఆర్డర్ తెచ్చుకోండ్రి. మణుగూరు పోయి, రాసుకొని, సంతకం చేయించుకొని, రేపు రాండ్రి."

రేపటికి ఈ పాదులో ఏమీ ఉండదు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు వంటింటి గుమ్మంలో చప్పుడైంది. పద్మావతమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. కొంగులో మొగ్గలు, చేతిలో గునపం.

"మీరు వెళ్లండమ్మా లోపలికి," అన్నాడు సి.ఐ.

ఆమె అతన్ని చూడలేదు. నా దగ్గరికి వచ్చింది. "ఒక్కటి చెప్పండి," అంది. "ఆయన నా కోసం వేయించలేదా, ఈ పాదు?"

గడియారం చూసుకున్నాను, అవసరం లేకుండానే. పన్నెండు యాభై.

"నా పాదు నేను తవ్వుకోడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదుగా," అంది ఆమె, ఎవరితోనూ కాకుండా. కొంగు విప్పి మొగ్గలు గట్టు మీద పోసింది. గునపం మల్లె మొదలు పక్కన దింపింది. నల్లనేలలో అయితే గునపం ఖంగుమనేది. ఇక్కడ చప్పుడు లేకుండా దిగింది.

సి.ఐ. ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. ఇంటావిడ చేయి పట్టుకుని ఆపడానికి అతనికి ధైర్యం రాలేదు. నేను పార అందుకున్నాను. ఎప్పుడొచ్చిందో ముత్తక్క దడి అవతల నిలబడి ఉంది. గుంతలో నీళ్లు పోస్తున్నారని ఊళ్లో తెలిసి ఉంటుంది. ఎవరూ పిలవకపోయినా గేటు తోసుకుని లోపలికి వచ్చి, పాదు చివర గొంతుక్కూర్చుంది.

మూడడుగుల లోతున యూరియా సంచి ముక్క ఒకటి తగిలింది. ప్లాస్టిక్ గనక చెక్కుచెదరలేదు. నడుముకు కట్టుకునేలా పేలికగా చుట్టి, కొసన బిగించి ముడి వేసి ఉంది. దాని కింద ఏముందో తెలిశాక పార పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాను. కాసేపటికి ఆపేశాను. చాలు.

ముత్తక్క చేయి చాపింది. ముడి విప్పడం నాకు రాలేదు, ఆమెకు వచ్చింది. అరచేతిలోకి మొరం గడ్డ ఒకటి పడింది. ఎర్రగా, నిమ్మకాయంత.

"తగిలింది," అంది ముత్తక్క. "తెస్తుండె."

ఏడవలేదు. గడ్డ మీద అంటిన దుమ్మును బొటనవేలితో తుడిచింది, పొద్దున చూరు కింద తుడిచినట్టే.

వసారా స్తంభం పక్కన వెంకటప్పయ్య కనిపించాడు. ఎవరూ ప్రశ్న అడగకుండానే మాట్లాడాడు, పుస్తకంలోది చదువుతున్నట్టు. "శనివారం నాలుగింటికి వానపడిందండి. వాడు అప్పటికే తాడు లాగమని కేకేశాడు, మొరంలో చాలినంత దిగానయ్యా, పని అయింది అని. సంతోషంగానే కేకేశాడు. పక్కనుంచి రేగడి పెళ్ల జారి అడుగు మూసేసింది, వాడి నడుం దాకా. తాడు నా చేతిలోనే ఉంది. రెండు రోజుల ముందు భూమి సంగతి సబ్ కలెక్టరు గారికి చెప్పుకుంటానన్నాడు. అది గుర్తొచ్చింది. నేనేం చేయలేదండి. నిలబడ్డాను. నీళ్లు నిండేదాకా నిలబడ్డాను."

పద్మావతమ్మ భర్త వైపు తిరగలేదు. పెకలించిన మల్లెమొక్కను చేతుల్లో పట్టుకుని వేళ్లు చూస్తోంది. సన్నటి తెల్లటి వేళ్లు, ఎర్రమట్టి పట్టుకుని.

"ఒక్కడే ఎలా తీశారు పైకి?" అని నేను ఆయన్ని అడిగాను. ఆయన నోరు మూసుకున్నాడు. ఉబ్బిన రేగడిలాగా.

జవాబు ఆమె ఇచ్చింది. చాలా మెల్లగా, పాత సంగతి ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు.

"ఆదివారం నేను బస్సు దిగేసరికి ఈ పెరట్లో పోలీసు జీపు ఉంది. వెంకటనారాయణ గారే చెంబుతో పాదులో నీళ్లు చల్లుతున్నారు. ఈ మల్లెమొక్క ఆయనే నా చేతికిచ్చారు. ఖమ్మం నుంచి తెచ్చా, మీ ఆయన చెప్పి తెప్పించుకున్నడు అన్నారు." మొక్క కింద పెట్టింది. "పన్నెండేళ్లు అడిగితే మొక్క ఒకటి దొరికింది. అదీ ఆయన తెచ్చింది కాదు."

ఆదివారం ఏడో తారీఖు. డైరీలో గురువారం దాకా ఈ గడప తొక్కని మనిషి.

నేను తల ఎత్తేసరికి సి.ఐ. టోపీ సర్దుకుంటున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. లెక్క తేలిన మనిషి ప్రశాంతత ఉంది. నేను మణుగూరు నుంచి బస్సులో వచ్చాను. ఇంకో బస్సు నాలుగింటికి. మధ్యలో పదకొండు కిలోమీటర్ల అడవి, ఒకే జీపు, అది అతనిది. నడుముకు తుపాకీ ఉన్నదీ అతనికే.

"పోతయ్యా," అన్నాడు. "గేటు మూసి తాళం ఎయ్యి. ఈడినుంచి ఎవరూ బయటికి పోవద్దు."

ముత్తక్క లేచి నిలబడింది. మాట విన్నదో లేదో. గడ్డను రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఒలకకూడనిదేదో మోస్తున్నట్టు, గేటు వైపు నడవడం మొదలుపెట్టింది. చూరు కింద ఒక జానెడు చోటు రెండేళ్లుగా ఖాళీగా ఉంది. అక్కడికి చేరాలంటే ఈ గేటు దాటాలి.

నేను ఆమె పక్కన నడిచాను. వెనక పిస్టల్ తోలుసంచి గుండీ ఊడిన చప్పుడు వినిపించింది.

గేటు దగ్గర పోతయ్య తాళం వేయకుండా చేత్తో పట్టుకుని, ఆమె చేతుల్లో ఉన్నదాన్నే చూస్తున్నాడు.